నాకు తప్ప అందరికీ అర్థమైన ప్రోగ్రాము

రాజోలు,
14 ఏప్రిల్ 1998.

మరదలు పుష్పలతకు,

ప్రభువు నామంలో వందనాలు. ఈస్టరు ఆరాధన బాగా జరిగింది. మీ అక్క మోకాలి నొప్పి తగ్గింది. నా మీద కేకలు మాత్రం తగ్గలేదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిలు కూడా అందుతుంది. విప్పి భయపడకు. అది మా కాలేజీ టైంటేబుల్ వేసే ప్రోగ్రాము. ముప్ఫై ఒక్క మడతల కాగితం, పదమూడు వందల నలభై లైన్లు. ఫ్లాపీ కూడా పెట్టాను. తొంభై రెండులో కాలేజీకి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు పుస్తకం చూసి బేసిక్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని నేనే రాశాను. ఇరవై ఇద్దరు లెక్చరర్లు, తొమ్మిది సెక్షన్లు, ఆరు రోజులు, రోజుకి ఏడు పీరియడ్లు. జూన్‌లో ఒక మీట నొక్కితే పావుగంటలో చార్టు వస్తుంది. ఈ ఆరేళ్ళలో టైంటేబుల్ గురించి స్టాఫ్ రూములో ఒక్క గొడవ జరగలేదు.

ఇప్పుడొచ్చింది గొడవ. మా కరస్పాండెంటు మాణిక్యాలరావు గారి తోడల్లుడి కొడుకు బంగారరాజు అమలాపురంలో కంప్యూటరు డిప్లొమా చేసి వచ్చాడు. నా ప్రోగ్రాము చూసి ఆయనతో ఏమన్నాడో తెలుసా? "ఇది మేష్టారికి తప్ప ఎవరికీ అర్థం కాదండి. రేపు మేష్టారికి జ్వరమొస్తే కాలేజీ మూసుకోవాలండి."

ఆయన నన్ను పిలిచి, "జూన్‌లోగా దీన్ని అందరికీ అర్థమయ్యేలా చక్కబెట్టండి. స్టాఫ్ ముందు ఎవరు బాగా వివరిస్తే వారే కంప్యూటరు రూముకి ఇన్‌ఛార్జి" అన్నారు.

సంగతి నీకు అర్థమైందిగా. నాది ఉత్త బియస్సీ. ఈ ఏడాది నుంచి లెక్కలు చెప్పాలంటే ఎమ్మెస్సీ ఉండాలంటున్నారు. పదకొండేళ్ళుగా టెంపరరీగానే ఉన్నాను. ఆ కంప్యూటరు రూము వస్తే నిలుస్తాను. లేకపోతే ఇంట్లో మీ అక్క ఎదురుగా కూర్చోవాలి.

నువ్వు అక్కడ పాత ప్రోగ్రాములు సరిచేసే పనిలోనే ఉన్నావు కదా. దీన్ని చక్కబెట్టి పంపు. ఒక్కటే షరతు. పైకి చూస్తే అందరికీ అర్థమయ్యేలా కనిపించాలి. నిజానికి నాకు తప్ప ఎవరికీ అర్థం కాకూడదు. నీ తెలివికి ఇదొక లెక్కా!

మీ బావ,
కృపారావు.


మారేడుపల్లి, సికింద్రాబాదు,
26 ఏప్రిల్ 1998.

బావగారికి వందనాలు.

పార్సిలు అందింది. మీ ప్రోగ్రాము వరండాలో పరిచాను. వీధి గుమ్మం దగ్గర మొదలై బావి దాకా వచ్చింది. ఇంటావిడ చూసి, "ఎవరి జాతకం అమ్మా ఇంత పొడుగుంది?" అని అడిగింది. మా బావగారిది అన్నాను.

మూడు ఆదివారాలు కూర్చోవలసిన పని. లైన్లకి నంబర్లు వరసగా కాకుండా వదిలి వదిలి వేశారు. 400వ లైను నుంచి 2300కి దూకమంటారు. అక్కడ నుంచి 910కి వెనక్కి రమ్మంటారు. అక్కడ ఏముందా అని చూస్తే 9000కి పొమ్మంటారు. రాజోలు నుంచి పక్కనున్న తాటిపాక వెళ్ళడానికి కాకినాడ మీదుగా టిక్కెట్టు కొట్టినట్టుంది. ఏ లెక్చరరుకీ పేరు లేదు, అందరూ నంబర్లే. జైల్లో కూడా ఇంత దారుణం ఉండదేమో.

మీరు అడిగిన పనిని మా ఆఫీసులో రోజూ చేస్తాం. ప్రోగ్రాము చేసే పని మారకూడదు, రాసిన తీరు మాత్రమే మారాలి. పాత బేసిక్ వదిలేసి క్యూబేసిక్‌లోకి మారుస్తాను. అందులో చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కకీ ఒక పేరు పెట్టుకోవచ్చు. మీ షరతు సంగతి తర్వాత చూద్దాం. ముందు వీటికి జవాబులు రాయండి.

2310, 2870 లైన్లు రెండూ ఒకటే పని చేస్తున్నాయి. ఒకటి నాలుగో నంబరు లెక్చరరుకి మొదటి పీరియడు వెయ్యద్దంటుంది. ఇంకొకటి తొమ్మిదో నంబరుకి వెయ్యద్దంటుంది. ఒకే మాట రెండు చోట్ల ఎందుకు? కలిపేస్తాను.

ఏడో నంబరు, పదమూడో నంబరు ఎప్పుడూ పక్కపక్క పీరియడ్లలో ఒకే సెక్షనుకి రాకూడదన్నారు. ఎందుకు?

పదకొండో నంబరుకి బుధవారం చివరి రెండు పీరియడ్లూ ఎప్పుడూ ఖాళీ. ఎవరీ పుణ్యాత్ముడు?

మీ మరదలు,
పుష్పలత.


రాజోలు,
6 మే 1998.

మరదలు పుష్పలతకు,

అన్నీ తెలుసుకోవాలని నీకెందుకు? చాకలికి బట్టలు వేస్తే ఉతకాలి గాని జేబులు వెతకకూడదు. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను.

నాలుగో నంబరు వీరవెంకటరమణ గారు. కెమిస్ట్రీ. నర్సాపురం నుంచి వస్తారు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి, బస్సెక్కి ఇక్కడికి చేరేసరికి మొదటి పీరియడు సగమైపోతుంది. తొమ్మిదో నంబరు యామిని గారు. ఇంగ్లీషు. ఆవిడకీ మొదటి పీరియడు వద్దు. ఆ రెండు లైన్లూ ఒకలా కనిపిస్తాయి గాని ఒకటి కాదు. రెండుగానే ఉంచు.

ఏడు, పదమూడు తెలుగు మేష్టారు, హిస్టరీ మేష్టారు. ఆరేళ్ళ కిందట చాక్‌పీసు డబ్బా దగ్గర మాటా మాటా వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు బయటికి వస్తుంటే ఇంకొకరు లోపలికి వెళ్ళాల్సి వస్తే గుమ్మంలో ఇద్దరూ ఆగిపోతారు. పిల్లలు చూసి నవ్వుతారు. అందుకని విడదీశాను.

పదకొండో నంబరు సంస్కృతం మేష్టారు. పెద్దాయన. బుధవారం మధ్యాహ్నానికి ఆయనకి గొంతు పోతుంది.

నువ్వు కాకినాడ మీదుగా టిక్కెట్టు అన్నావు గాని ఆ దారి నాకు చీకట్లో కూడా తెలుసు. పదహారో మడతలో టీ మరక ఉంది చూశావా? దానికి నాలుగు వేళ్ళ కింద ల్యాబు పీరియడ్లు. చివరి మడతలో 9000 నుంచి ఉన్నవి మధ్యలో చోటు చాలక చివరికి నెట్టినవి. ఎక్కడ తప్పు వచ్చినా నా చెయ్యి తిన్నగా అక్కడికే వెళుతుంది.

కృపారావు.

*పుష్పా, అక్కని రాస్తున్నాను. మీ బావ కాగితం బల్ల మీద వదిలి వెళ్ళాడు. సంస్కృతం మేష్టారు రెండేళ్ళ కిందటే రిటైరై వాళ్ళ అమ్మాయి దగ్గరికి మండపేట వెళ్ళిపోయేరు. ఈయనకి ఆ సంగతి తెలియనట్టుంది. — సరోజిని*


సికింద్రాబాదు,
24 మే 1998.

బావగారికి వందనాలు.

పని అయిపోయింది. ఫ్లాపీ, కాగితం పంపుతున్నాను. పదమూడు వందల నలభై లైన్లు నాలుగు వందల పది అయ్యాయి. ఇరవై రెండు ముక్కలు. పోయినేడు వివరాలిచ్చి పాతదాన్నీ కొత్తదాన్నీ నడిపి, రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క పీరియడు కూడా తేడా లేదు.

ఒక విచిత్రం చెప్పాలి. మొదటి ఆదివారం మీ కాగితం మూడుసార్లు చదివాను, ఏమీ ఎక్కలేదు. రెండో ఆదివారం చదవడం మానేసి కొయ్యడం మొదలుపెట్టాను. ఒక లైను తీసి పక్కన పెట్టి నడిపేదాన్ని. ఏదో తప్పేది. ఏం తప్పిందో చూస్తే ఆ లైను దేనికుందో తెలిసేది. అలా మూడో ఆదివారం సాయంత్రానికి మీ కాలేజీ మొత్తం నాకు కనిపించింది. ఎవరికి ఎవరంటే పడదో, ఏ గదిలో ఫ్యాను లేదో, ఎవరు మధ్యాహ్నం కునుకు తీస్తారో కూడా తెలిసిపోయింది. మీ స్టాఫ్ రూములోకి వస్తే అందర్నీ పేరు పెట్టి పలకరించగలను.

పదకొండో నంబరు గారిని కూడా.

అక్కకి ఫోను చేసి బుధవారం సంస్కృతం మేష్టారి గొంతు ఎలా ఉందని అడిగాను. "గొంతు సంగతి నాకు తెలియదు గాని, బుధవారం బుధవారం మీ బావ సంచీలో జెల్లలో, కొర్రమీనో తెస్తాడు. కాలేజీ నుంచి వస్తూ బజార్లో కొన్నానంటాడు. బుధవారం ఇక్కడ సంత కూడా కాదు మరి" అంది. కాలవ లాకుల దగ్గర చేపలు బాగా పడతాయని ఎవరో అంటే విన్నాను.

ఆ రెండు లైన్లూ కలిపేశాను. ఒకటే పని చేసేవి రెండెందుకు? మా ఆఫీసులో అయితే తిడతారు. ఆఖరిది తప్ప ప్రతి ముక్కకీ అది దేనికుందో తెలిసేలా తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. ఎవరికైనా ఇచ్చే ముందు ఆ పేర్లన్నీ మీరొకసారి చదవండి. పద్దెనిమిదోది మరీ ముఖ్యంగా.

మీ షరతులో మొదటి సగం పూర్తిగా నెరవేర్చాను.

పుష్పలత.


రాజోలు,
9 జూన్ 1998.

పుష్పలతకు,

పోయిన దసరా సెలవులకి నువ్వు వచ్చి మీ అక్క వంటింటి డబ్బాలన్నీ సర్ది, లేబుళ్ళు అంటించి వెళ్ళావు. గుర్తుందా? అంతకుముందు పాలపొడి డబ్బాలో ఉప్పు, బిస్కెట్ల డబ్బాలో కారం ఉండేవి. మీ అక్క కళ్ళు మూసుకుని తీసేది. నువ్వు వెళ్ళాక వారం రోజులు నేను ఉప్పు టీ తాగాను. పక్కింటావిడ మాత్రం వచ్చి చక్కగా పంచదార తీసుకుని వెళ్ళింది.

ఇప్పుడు నా పరిస్థితి కూడా అదే. నువ్వు పంపింది ముట్టుకోవడానికి భయంగా ఉంది. అంతా తెల్లగా, ఖాళీగా, ఆసుపత్రిలా ఉంది. టీ మరక లేదు. 9000 లేదు. ల్యాబు పీరియడ్ల కోసం చెయ్యి పెడితే ఎక్కడికో పోతోంది. మొదటి పేజీలో ఆరు లైన్లున్నాయి, "ఇది చెయ్యి, అది చెయ్యి" అని ముక్కల పేర్లు. చేసేది ఎక్కడుందో వెతుక్కుంటూ వెళితే అక్కడ ఇంకో రెండు పేర్లున్నాయి. ఇంతకీ పని చేసేదెవరు? మా మునసబు కచేరీలో లాగ అందరూ ఆర్డర్లు వేసేవాళ్ళేనా?

అసలు అవమానం ఇది కాదు. ఆ కాగితం బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాను. వచ్చేసరికి బంగారరాజు చదువుతున్నాడు. ఇరవై నిమిషాలు. తర్వాత నన్ను కూర్చోబెట్టి, "చాలా బాగుందండి మేష్టారూ. చూడండి, ఇక్కడ ముందు ల్యాబులు వేస్తున్నారండి, తర్వాత లాంగ్వేజీలండి, ఇదుగో ఇక్కడ క్లాష్ చూస్తున్నారండి..." అని నా ప్రోగ్రాము నాకే చెప్పాడు. నేను "ఆయ్, ఆయ్" అంటూ తలూపాను. మధ్యలో ఒకటి రెండు సందేహాలు కూడా అడిగాను. సిగ్గేసింది.

నాకు తప్ప ఎవరికీ అర్థం కాకూడదన్నాను. నువ్వు నాకు తప్ప అందరికీ అర్థమయ్యేలా చేశావు.

ఇరవై రెండో తారీఖు సోమవారం మీటింగు. అంతా మాణిక్యాలరావు గారి ముందు వివరించాలి. ఇంకా పదమూడు రోజులుంది. దయచేసి ఒక నాలుగైదు చోట్ల ముడులు వేసి పంపు. ఎవరికీ కనిపించని ముడులు. బంగారరాజు నోరు మూతపడితే చాలు.

కృపారావు.


సికింద్రాబాదు,
14 జూన్ 1998.

బావగారూ,

ముడులు వెయ్యను. మా అమ్మానాన్నలు నన్ను అందుకు చదివించలేదు.

మీకు అర్థం కాకపోవడానికి కారణం ఉంది. విప్పింది నేను. విప్పిన వాళ్ళకే తెలుస్తుంది. బంగారరాజుకి తేలికగా ఎందుకు ఎక్కిందంటే అతని బుర్రలో మీ పాత దారులు లేవు. మీకున్నాయి. అవి అడ్డం వస్తున్నాయి.

అందుకని చదవకండి. రోజుకో ముక్క తీసుకుని పాడు చెయ్యండి. ఒక లైను చెరిపి నడపండి. ఏం తప్పిందో చూడండి. తర్వాత ఆ ముక్కని నా రాత చూడకుండా మీ చేత్తో మళ్ళీ రాయండి. చార్టు సరిగ్గా వస్తే ఆ ముక్క మీదే.

ఇంకో మాట. ప్రతి ముక్కా ఏం చేస్తుందో బంగారరాజు చెప్పగలడు. ఎందుకు చేస్తుందో మీకొక్కరికే తెలుసు. అది కాగితం మీద లేదు, నేను రాద్దామన్నా మీరు చెప్పలేదు.

పేర్లు చదివారా?

పుష్పలత.


రాజోలు,
25 జూన్ 1998.

పుష్పలతకు,

పేర్లు చదవలేదు.

నువ్వు చెప్పినట్టే ముక్కలు పాడు చేశాను. పందొమ్మిదో తారీఖుకి నీ ఉత్తరం అందితే, ఆదివారం కూడా కలుపుకుని రోజుకి రెండు మూడు చొప్పున లాగి, మీటింగు రోజుకి ఎనిమిదో ముక్క దాకా వచ్చాను. ఆ ఎనిమిదీ ఇప్పుడు నావి. పద్దెనిమిది చేరలేదు.

స్టాఫ్ రూములో అందరం కూర్చున్నాం. కంప్యూటరు, ప్రింటరు అక్కడికే మోయించారు. ముందు బంగారరాజు లేచాడు. గడగడా చెప్పాడు. ఒక్క తప్పు లేదు. నేను ఎనిమిది ముక్కలు చెప్పి, మిగతావి బంగారరాజు గారు చెప్పినట్టేనన్నాను. మాణిక్యాలరావు గారు మీసం దువ్వుకున్నారు. అది మంచి సూచన కాదు.

తర్వాత ఆయన కాగితం తన చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పేర్లు పైకి చదవడం మొదలుపెట్టారు.

"ఇద్దరికీ మాటల్లేవు. ఇదేంటండీ? ఎవరిద్దరికీ?"

తెలుగు మేష్టారు కిటికీలోంచి చూస్తున్నారు. హిస్టరీ మేష్టారు ఇంకో కిటికీలోంచి చూస్తున్నారు. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి, "ఎవరండీ అది?" అన్నారు. ఆరేళ్ళలో వాళ్ళు కలిసి అన్న మొదటి మాట.

"రేవు దాటి రావాలి. ఇది రమణ గారి గురించా? ఇప్పుడు పొద్దున్న పంటు ముందే వదుల్తున్నారంట కదండీ?"

"ఆయ్, పోయిన నెల నుంచి వదుల్తున్నారండి. ఎనిమిదిన్నరకల్లా ఇక్కడుంటున్నానండి" అన్నారు రమణ గారు. పాపం, అబద్ధం ఆడడం రాదు.

"అయితే ఈ ముక్క తీసెయ్యొచ్చు."

"ఒక్క నిమిషం పనండి" అని బంగారరాజు తీసేశాడు. నిజంగానే ఒక్క నిమిషం. కొత్త చార్టు ప్రింటరులోంచి కరకరమంటూ వచ్చింది. అందరికీ పంచారు.

యామిని గారికి వారంలో ఐదు రోజులు మొదటి పీరియడు పడింది. ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

నీకు అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆవిడ మామగారికి పక్షవాతం. పొద్దున్న ఆయనకి ఒళ్ళు తుడిచి, అన్నం పెట్టి, తొమ్మిదిన్నరకి వేరే మనిషి వచ్చాక గాని ఇల్లు కదలలేదు. తొంభై అయిదులో మొదటి పీరియడుకి రోజూ ఐదు నిమిషాలు లేటుగా పరిగెత్తుకు వచ్చేది. మూడు లేట్లకి ఒక సెలవు కోత. ఆవిడ ఎవర్నీ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు, ఆవిడతో కూడా. ఒక లైను రాశాను, అంతే. ఈ మూడేళ్ళూ తన అదృష్టం అనుకుంది.

నా ప్రోగ్రాములో అది వేరే లైను. పంటు లైను తీసేస్తే దానికి ఏమీ అయ్యేది కాదు.

లేచి నిలబడ్డాను. "ఆ ముక్కలో ఇద్దరున్నారండి. రమణ గారిది రేవు. యామిని గారిది రేవు కాదండి."

"అమ్మా, మీరేమైనా రేవు దాటుతున్నారా?" అని ఆయన ఆవిణ్ణి అడిగారు.

"లేదండి. మాది పోస్టాఫీసు వెనకే" అంది ఆవిడ.

"మరేంటి మేష్టారూ?"

ఇరవై మంది ముందు వాళ్ళింటి సంగతి ఎలా చెప్పను? "కారణం ఉందండి. నేనే పెట్టేను."

"నన్నడక్కుండానా?"

"ఆయ్."

"ఇంకా ఎన్ని పెట్టేరు ఇలాంటివి?"

ఆయన పేజీలు తిప్పారు. నీ పద్దెనిమిదో ముక్క అప్పుడు నేను మొదటిసారి విన్నాను, కరస్పాండెంటు గారి గొంతులో.

"బుధవారం చేపలు."

రెండోసారి కూడా చదివారు. "బుధవారం చేపలు. లెక్చరరు నంబరు పదకొండు. పదకొండెవరండీ?"

అబద్ధం చెప్పడానికి సంస్కృతం మేష్టారు కూడా లేరు. "నేనేనండి" అన్నాను. "లాకుల దగ్గర గాలం వేసుకుంటానండి." ముందు రమణ గారు నవ్వారు, తర్వాత యామిని గారు, తర్వాత కిటికీల దగ్గర ఉన్న ఇద్దరూ. మాణిక్యాలరావు గారు నవ్వలేదు.

నవ్వులు ఆగాక ఆయన బంగారరాజు వైపు తిరిగారు. "ఆ తొమ్మిదో నంబరు అక్కడెందుకుందో నీకు తెల్సా?"

"అదేం చేస్తుందో తెల్సండి."

"అది నాకూ తెల్సింది. ఇప్పుడే చదివేను. అందరికీ అర్థమయ్యేలా ఉంటే ఇంక ఇన్‌ఛార్జి ఎందుకురా, అటెండరు నొక్కినా చాలదా?"

బంగారరాజు మొహం మాడిపోయింది. నాది అప్పటికే మాడి ఉంది.

చివరికి ఆయన అన్నది ఇది. "కృపారావు గారూ, వారం రోజులు టైమిస్తున్నాను. ఆ ఇద్దర్నీ విడదీసి పట్రండి. ఏ లైను ఎందుకుందో ఒక్కోటీ నా గదిలో నాకు చెప్పండి. నాకు నచ్చింది ఉంటుంది, నచ్చనిది పోతుంది. అన్నీ మీ చేత్తో రాయండి. మీ మరదలు చేత్తో కాదు." నువ్వు రాశావని ఆయనకి ఎలా తెలిసిందా అనుకుంటున్నావా? మొదటి పేజీలో నీ పేరు, తారీఖు, 'బావగారి కోరిక మీద' అని నువ్వే వేశావు కదా తల్లీ.

మీ అక్కకి ఈ సంగతులు ఇంకా తెలియవు. తెలుగు మేష్టారి భార్య నోట రేపు బజార్లో కాకపోయినా ఆదివారం చర్చిలోనైనా తెలుస్తుంది.

కృపారావు.


సికింద్రాబాదు,
30 జూన్ 1998.

బావగారికి వందనాలు.

మీ ఉత్తరం బస్టాపులో చదివాను. 'బుధవారం చేపలు' దగ్గర నవ్వాను. యామిని గారి మడతల దగ్గర ఆగిపోయాను.

ఆ రెండు లైన్లూ రెండుగానే ఉంచమని మీరు రాశారు. నేను వినలేదు. ఒకేలా ఉన్నాయి కదా అని ఒకటే అనుకున్నాను. పైగా రేవు అని పేరు పెట్టాను, ఆవిడ ఏ రేవు దాటుతుందో అడగకుండా. తప్పు నాది. కారణం రాయకపోవడం మీ తప్పు. సగం సగం పంచుకుందాం.

నిన్న ఆఫీసులో అచ్చం ఒకేలా ఉన్న రెండు ముక్కలు దొరికాయి. కలపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా టీమ్ లీడరు, "ఏం, ఆగిపోయారు?" అన్నాడు. రాసినాయన్ని అడగాలన్నాను. ఆయన రిటైరై పదేళ్ళయిందట. అడ్రసు కనుక్కోమన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

విడదీసేటప్పుడు నాకు పంపకండి. తప్పులు కూడా దిద్దను. అక్క మాట్లాడుతోందా మీతో?

పుష్పలత.


రాజోలు,
15 జూలై 1998.

పుష్పలతకు,

మీ అక్క మాట్లాడుతోంది. అదే బాధ. ఆరేళ్ళుగా ప్రతి బుధవారం బజారు చేపల మీద నేను చెప్పిన కబుర్లన్నీ ఒక్కొక్కటీ తీసి అడుగుతోంది. "ఆ పెద్ద కొర్రమీను కోసం ముగ్గురితో బేరమాడి గెలిచేనన్నారు. ఎవరితో ఆడేరు, ఆ చేపతోనా?"

ఆర్డరు వచ్చింది. కంప్యూటరు రూము ఇన్‌ఛార్జిని నేనే. పర్మనెంటు. బంగారరాజు నాకు అసిస్టెంటు. మా ఇద్దరికీ ఇది సమానంగా నచ్చలేదు.

ఆ వారం ఇరవై రెండు ముక్కలూ పాడు చేసి మళ్ళీ రాశాను. నీ నాలుగు వందల పది లైన్లు ఐదు వందల అరవై అయ్యాయి. నీకు కోపం వస్తుంది. రానీ. ఇప్పుడు ఏ ముక్క ఎక్కడుందో నా చేతికి తెలుస్తోంది. కరస్పాండెంటు గారి గదిలో తలుపు వేసుకుని ఒక్కో లైనూ చెప్పాను. యామిని గారిది చెప్పినప్పుడు ఆయన, "ఇది ఉంచండి. పేరు మాత్రం పెట్టకండి" అన్నారు. నాలుగో నంబరుది పోయింది. మాటల్లేనివాళ్ళది కూడా తీసేశారు. "గుమ్మంలో గుద్దుకుంటే వాళ్ళే మాట్లాడుకుంటారు" అన్నారు. పద్దెనిమిదోది నేను చెప్పకముందే ఆయన కొట్టేశారు. ఈ రోజు బుధవారం. సీనియర్ ఇంటరుకి ఇప్పుడే కంప్యూటరు పాఠం చెప్పి వచ్చాను. లాకుల వైపు చూడలేదు.

నువ్వు ఊహించని ఫలితం ఒకటుంది. అర్థమైంది కాబట్టి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. "మా నంబరు కూడా ఆ లిస్టులో కలపండి మేష్టారూ, ఒక్క లైనే కదా" అంటున్నారు. సోమవారం నుంచి పద్నాలుగు చీటీలు వచ్చాయి. ఇన్నాళ్ళూ అర్థం కాని ప్రోగ్రాము దేవుడి నిర్ణయంలా ఉండేది. ఇప్పుడది నా నిర్ణయమైపోయింది. చీటీలన్నీ బంగారరాజుకి ఇచ్చాను. అసిస్టెంటు అన్నాక పని ఉండాలిగా.

అతను చెడ్డవాడు కాదు. రోజుకో ముక్క పాడు చేయిస్తున్నాను. మొదట చిరాకుపడ్డాడు, "అర్థమైందాన్ని మళ్ళీ పాడు చెయ్యడమేంటండీ" అని. పోయిన వారం మాత్రం నువ్వు పేరు పెట్టలేక ఉత్త 'ఇరవై రెండు' అని వదిలేసిన ఆఖరి ముక్క దగ్గర ఆగాడు. గురువారం నాలుగో పీరియడులో ఎనిమిదో నంబరు గదిని ఎవరికీ ఇవ్వద్దంటుందది. కరస్పాండెంటు గారికి ఆ గదికి సున్నం వెయ్యడానికని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

"మేష్టారూ, ఇదెందుకండీ?" అన్నాడు. అతని నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

గంటసేపు ఆలోచించాను. గుర్తు రాలేదు. తొంభై రెండులో నేనే రాశాను, నా చేత్తోనే. పాత కాగితం తీసి చూశాను, పక్కన ఏమీ లేదు. అటెండర్నడిగాను. రమణ గారినడిగాను. మండపేటలో ఉన్న సంస్కృతం మేష్టారికి కార్డు రాశాను. ఆయన "నాకేమి తెలియును" అని జవాబిచ్చారు. ఎవరికి మేలు చేయడానికి పెట్టానో, ఎవర్ని దాచడానికి పెట్టానో తెలియడం లేదు.

చివరికి ఈ పొద్దున్న ఇద్దరం కలిసి ఆ లైను తీసేశాం. చార్టు బాగానే వచ్చింది. ఎనిమిదో గదిలో రేపు నాలుగో పీరియడు జూనియర్ బైపీసీ.

రేపు గంట కొట్టే ముందే ఆ గది ఎదురుగా వరండాలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చుందామని బంగారరాజూ నేనూ అనుకున్నాం. ఎవరు కేకలేసుకుంటూ వస్తారో చూడాలి.

కృపారావు.